సింహం సంగతి సరే, ముందు జూలై చలి సంగతి చూడు

ప్రశ్న: అక్కా, మాది అనంతపురం. మా ఆయన ఉద్యోగం వల్ల ఐదు నెలల క్రితం బోట్స్‌వానా రాజధాని గాబరోన్‌కి వచ్చాం. బాబుకి తొమ్మిదేళ్ళు, పాపకి ఐదు. వచ్చినప్పటి నుంచి ఇల్లు, స్కూలు, సూపర్‌మార్కెట్, శనివారం ఎవరో ఒక తెలుగువాళ్ళింట్లో భోజనం, అంతే. దొంగలు దూకకుండా గోడ మీద పెట్టిన కరెంటు తీగ చూస్తేనే నాకు టెన్షన్. పనికొచ్చే ఆవిడతో ఏం మాట్లాడాలో తెలీదు. జూలైలో అత్తయ్య, మామయ్య వచ్చి నెలన్నర ఉంటారు. మామయ్యకి షుగరు, మోకాళ్ళ నొప్పులు. అత్తయ్య శుద్ధ శాకాహారి. మా ఆయన తొమ్మిది రోజుల ప్లాన్ వేశారు. కారులోనే సౌత్ ఆఫ్రికాలోని క్రూగర్ పార్కు, వెనక్కొచ్చి ఇక్కడి చోబే పార్కు, అక్కడి నుంచి విక్టోరియా జలపాతం. సింహాలుండే చోటికి చిన్నపిల్లల్ని, పెద్దవాళ్ళని తీసుకెళ్ళొచ్చా? మలేరియా భయం లేదా? తిండి ఎలా? నన్ను సొంత చెల్లెలనుకుని చెప్పండి.

జవాబు: చెల్లెలనుకోమన్నావు కాబట్టి ‘నువ్వు’ అనే రాస్తున్నాను. నేనూ ఆ ఊళ్ళో పదకొండేళ్ళు కాపురం చేసి వచ్చినదాన్నే. మా ఇంటి గోడ మీదా ఆ తీగ ఉండేది. రాత్రిపూట టిక్కు టిక్కుమని చప్పుడు. మొదటి నెల ఆ చప్పుడుకి నిద్ర పట్టేది కాదు. ఆర్నెల్లు తిరిగేసరికి, కరెంటు పోయి ఆ చప్పుడు ఆగితే మెలకువ వచ్చేది.

అడిగినదానికి ముందు జవాబు చెప్పేస్తాను. వెళ్ళండి. పిల్లల్నీ పెద్దవాళ్ళనీ తీసుకునే వెళ్ళండి. మీ ఆయన వేసిన ప్లాన్ మాత్రం చింపెయ్యి.

ఎందుకో లెక్క చూడు. మీ అనంతపురం నుంచి హైదరాబాద్ ఎంత దూరమో గాబరోన్ నుంచి జొహానెస్‌బర్గ్ దాదాపు అంత, 360 కిలోమీటర్లు. క్రూగర్ గేటు అక్కడి నుంచి ఇంకో 400 పైన. పోనూ రానూ 1,500 దాటుతుంది. చోబే పార్కు పక్కనున్న కసానే ఊరు పూర్తిగా వేరే దిక్కు, ఉత్తరాన 930 కిలోమీటర్లు. పోనూ రానూ 1,860. పార్కుల్లో తిరిగేది కలపకుండానే 3,300 దాటిపోయింది. మోకాళ్ళ నొప్పులున్న మనిషిని వెనక సీట్లో కూర్చోబెట్టి, తొమ్మిది రోజుల్లో. ఆయన తిరుగు ప్రయాణంలో జంతువుల గురించి కాదు, ఏ పెట్రోలు బంకులో టాయిలెట్ బాగుందో చెప్తారు.

పైగా జూలైలో అక్కడ ఐదున్నర, ఆరు మధ్య చీకటి పడిపోతుంది. చీకట్లో హైవే మీద బండి నడపొద్దని అక్కడి వాళ్ళు ఒకటికి పదిసార్లు చెప్తారు. ఆవులు, మేకలు, గాడిదలు రోడ్డు మీదే నిలబడతాయి. నాటా అనే ఊరు దాటి కసానే వైపు వెళ్తే ఏనుగులు కూడా. మేము రెండో ఏడాది ఆ మాట వినలేదు. ఫ్రాన్సిస్‌టౌన్‌లో భోజనానికి ఎక్కువసేపు ఆగి, “ఇంకెంత, మూడు గంటలేగా” అనుకుంటూ బయల్దేరాం. ఏడింటికి, హెడ్‌లైట్ల వెలుగులో ఒక గాడిద. పక్కకి తిరిగి మమ్మల్ని చూస్తూ నిలబడింది, కదల్లేదు. మా ఆయన బ్రేకు తొక్కారు, బండి అడ్డం తిరిగి రోడ్డు పక్క ఇసుకలో ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు. గాడిద తాపీగా రోడ్డు దాటింది. వెనక సీట్లో పెట్టిన పెరుగు గిన్నె మా అమ్మాయి నెత్తి మీద బోర్లాపడింది. మిగతా దారి పొడుగునా కారులో పెరుగు వాసన, ఎవరూ మాట్లాడలేదు. అప్పటి నుంచి నాలుగున్నరకల్లా ఎక్కడుంటే అక్కడే బస.

సరే, ప్లాన్ కంటే ముందు నీ సంగతి. అసలు ఇబ్బంది జూలైలో లేదు, ఈ ఐదు నెలల్లో ఉంది.

పనికొచ్చే ఆవిడతో ఏం మాట్లాడాలో తెలీదన్నావు. రేపు పొద్దున ఆవిడ గేటు తీసుకుని లోపలికి రాగానే “దుమెలా, మ్మా” అను. మగవాళ్ళయితే “దుమెలా, ర్రా”. అక్కడ పలకరింపు లేకుండా పని చెప్పడం చాలా మోటు. షాపులో నేరుగా “పాలెంత?” అని అడిగితే మొహం ముడుచుకుంటారు చూశావా, అది నీ మీద కోపం కాదు, దుమెలా అననందుకు. తర్వాత “ఓ త్సొహిలే జాంగ్?” అంటే ‘ఎలా లేచారు?’ అని. “కే త్సొహిలే సెంట్లే” అంటే ‘బాగా లేచాను’ అని. డబ్బులు గానీ వస్తువు గానీ ఇచ్చేటప్పుడు ఎడమ చెయ్యి కుడి మోచేతి కింద ఆనించి ఇస్తే ఆవిడ మొహంలో తేడా నీకే కనిపిస్తుంది. మనం పెద్దవాళ్ళకి రెండు చేతులా ఇస్తామే, అలాంటిదే.

ఆవిడ మధ్యాహ్నం ఏం తింటుందో ఎప్పుడైనా చూశావా? బొహోబే అంటారు. జొన్న సంకటి! పులియబెట్టి కాస్తే టింగ్, మన అంబలికి అక్క. నంజుకోవడానికి మొరోహో, అంటే ఆకుకూర. దాంట్లో అలసంద ఆకుతో చేసేది ఒకటుంది, అనంతపురం మనిషివి, ఒక్కసారి తిన్నావంటే వదలవు. సూపర్‌మార్కెట్లో ‘మబేలే’ అని రాసి ఉండే పిండి జొన్నపిండే. కాస్త బరకగా ఉంటుంది, రొట్టెకైతే జల్లించుకో. నేను మూడేళ్ళు ఇండియా నుంచి జొన్నపిండి సూట్‌కేసులో మోసుకెళ్ళాను. మా ఇంటి ఎదురుగా ఉన్న షాపులోనే పది కిలోల సంచీలు వరసగా ఉన్నాయని తెలిశాక ఎవరికీ చెప్పుకోలేదు.

ఇంకొకటి. ఆ దేశపు డబ్బు పేరు పుల. పుల అంటే వాన. సభల్లో, పెళ్ళిళ్ళలో ఉపన్యాసం అయిపోగానే అందరూ “పులా!” అని అరుస్తారు. వాన పడాలి అని దీవించుకోవడం. వాన కోసం ఆకాశం వైపు చూసే ఊరి నుంచి వచ్చినదానివి, ఆ మాట ఎందుకంత గట్టిగా అరుస్తారో నీకు వేరే చెప్పక్కర్లేదు.

దారి అడిగితే “రెండో రోబో దగ్గర ఎడమకి” అంటారు, కంగారు పడకు, రోబో అంటే ట్రాఫిక్ సిగ్నల్. ప్లంబర్ “జస్ట్ నౌ వస్తున్నా” అన్నాడంటే స్నానం చేసి, వంట చేసి, ఒక నిద్ర తీసినా తొందరలేదు. “నౌ నౌ” అంటే మాత్రం కాస్త త్వరగా వస్తాడు.

భయం విషయం. జాగ్రత్తలు నిజంగానే అవసరం: కారులో సీటు మీద బ్యాగు, ఫోను కనిపించేలా పెట్టొద్దు, రాత్రి ఒంటరిగా నడవొద్దు, గేటు రిమోట్ నొక్కాక పూర్తిగా మూసుకునేదాకా చూడు. ఇంతే. ఇవి అలవాటయ్యాక ఇక తలుచుకోనక్కర్లేదు. శనివారం భోజనాల్లో ఐదేళ్ళ క్రితం ఎవరికో జరిగిన దొంగతనం కథ ప్రతి వారం కొత్తగా చెప్పే ఒకాయన ఉంటాడు. ప్రతి ఊళ్ళోనూ ఉంటాడు. ఆయన పక్కన కూర్చోకు.

ఇప్పుడు జంతువులు. అవి చూడాలంటే వేల కిలోమీటర్లు వెళ్ళాలని మనవాళ్ళందరూ అనుకుంటారు. మీ ఇంటి నుంచి పావుగంటలో గాబరోన్ గేమ్ రిజర్వ్ ఉంది, ఊళ్ళోనే. మామూలు కారు చాలు. సింహాలు, చిరుతలు లేవు కాబట్టి నీకూ భయం లేదు. జీబ్రాలు, ఇంపాలా జింకలు, కొమ్ములు మెలితిరిగిన కూడూలు, నిప్పుకోళ్ళు, తోక నిటారుగా యాంటెన్నాలా పెట్టుకుని పరిగెత్తే అడవిపందులు. ఈ ఆదివారమే వెళ్ళు. ఫ్లాస్కులో టీ, పిల్లలకి ఇడ్లీ. ఆ తర్వాతి వారం ఊరికి దక్షిణంగా పన్నెండు కిలోమీటర్ల దూరంలో మొకొలోడి రిజర్వ్. అక్కడ గైడుతో ఓపెన్ జీపులో తిప్పుతారు. జిరాఫీలు, తెల్ల ఖడ్గమృగాలు ఉన్నాయి. జూలైకి ముందే నీకూ పిల్లలకీ ఇదొక రిహార్సల్. పాప రెండు గంటలు జీపులో కదలకుండా కూర్చోగలదా, మధ్యలో టాయిలెట్ అంటే ఏం చెయ్యాలి, ఇవన్నీ ఇంటికి దగ్గరలోనే తేలిపోతాయి.

ఖాలే కొండ ఎక్కాలనుకుంటే శని, ఆదివారాల్లో పొద్దున్నే, జనం ఉన్నప్పుడు. చేతిలో తినుబండారం పట్టుకుని మాత్రం ఎక్కొద్దు. బబూన్ కోతులుంటాయి. మా పులిహోర డబ్బా ఒకటి పట్టుకుపోయి, కాస్త పైన బండ మీద కూర్చుని, డబ్బా అటూ ఇటూ తిప్పి చూసి మూత ఊడబెరికింది. ముందు వేరుశనగలన్నీ ఏరుకుని తింది. తర్వాత ఎండుమిరపకాయ నోట్లో పెట్టుకుని, తీసి, వాసన చూసి, మా వైపు చూసింది. ఆ చూపు ఇప్పటికీ గుర్తుంది. డబ్బా స్టీలుది, మా అత్తగారి పేరు చెక్కించినది. ఎక్కడో ఆ కొండ మీదే ఉంటుంది.

ఇక పెద్దవాళ్ళ ప్రయాణం.

జూలై మంచి నెల. వానల్లేవు, గడ్డి ఎండి పొట్టిగా ఉంటుంది, చెట్లకి ఆకులు రాలిపోతాయి. నీళ్ళు కొన్ని చోట్లే మిగులుతాయి కాబట్టి జంతువులు అక్కడికే రావాలి. దోమలూ తక్కువ. కానీ చలి! ‘ఆఫ్రికా అంటే ఎండ’ అనుకుని అత్తయ్య కాటన్ చీరలతో దిగుతారు. తెల్లవారుజామున ఐదారు డిగ్రీలు మామూలు, ఒక్కోసారి సున్నా దగ్గరికి పోతుంది. ఆ చలిలో, తలుపుల్లేని జీపులో, ఎదురుగాలికి మూడు గంటలు. కొన్ని చోట్ల దుప్పట్లు, వేడినీళ్ళ బ్యాగులు ఇస్తారు, ఇస్తారులే అని నమ్ముకుని వెళ్ళొద్దు. మళ్ళీ పదింటికల్లా ఎండ చురుక్కుమంటుంది. అందుకని ఒకదాని మీద ఒకటి వేసుకుని, ఒక్కొక్కటే తీసేసేలా బట్టలుండాలి. మామయ్య ఇన్సులిన్ వాడుతుంటే రాత్రి కారులో వదిలెయ్యకండి. గడ్డకడితే పనికిరాదు.

నా మాట వింటే రెండు ముక్కలు చెయ్యి. మధ్యలో పది రోజులు ఇంట్లో విశ్రాంతి.

మొదటి ముక్క పిలానెస్‌బర్గ్ పార్కు. సౌత్ ఆఫ్రికాలో ఉంది, ట్లొక్వెంగ్ బోర్డర్ దాటి మూడు మూడున్నర గంటలు, క్యూ సంగతి వేరే. మలేరియా లేని ప్రాంతం, మామయ్యకి అదే ముఖ్యం. ఒకప్పటి అగ్నిపర్వతం మిగిల్చిన గుండ్రటి కొండల మధ్య ఉంటుంది. పొలాలు, పశువుల మేత భూములు ఉన్న చోటిని ఖాళీ చేయించి, 1979 నుంచి జంతువుల్ని తెచ్చి వదిలారు. తారు రోడ్లున్నాయి, మీ సొంత కారులోనే తిరగొచ్చు. మధ్యలో మంక్వే డ్యామ్ ఉంది. నీళ్ళ ఒడ్డున చెక్కతో కట్టిన హైడ్, అంటే దాక్కుని చూసే గది. లోపల బెంచీలు. మీ మామయ్యకి ఆ బెంచీ చూపించు, ఇక లేవరు.

ఆ బెంచీ గురించే కాస్త చెప్పాలని ఉంది. మనవాళ్ళు పార్కుకి వెళ్తే కారు ఆపరు. అక్కడ సింహం కనపడిందట అని అటు, ఇక్కడ చిరుతట అని ఇటు. ‘బిగ్ ఫైవ్’ అని ఒక లిస్టు: సింహం, చిరుత, ఏనుగు, ఖడ్గమృగం, అడవిదున్న. అది కాలినడకన తుపాకీ పట్టుకుని వేటాడటానికి ఏవి ప్రమాదమో వేటగాళ్ళు వేసుకున్న లిస్టు. మనకెందుకు? మేము ఒకసారి బండి పాడై, మెకానిక్ వచ్చేదాకా ఆ హైడ్‌లో రెండున్నర గంటలు కూర్చోవాల్సి వచ్చింది. మొదటి అరగంట నీళ్ళు తప్ప ఏమీ లేవు. తర్వాత మా అమ్మాయి “ఆ రాయి ఊపిరి తీసుకుంటోంది” అంది. నీటిగుర్రం. దాని వెనక ఇంకో నాలుగు రాళ్ళు. ఒక నలుపూ తెలుపూ లకుముకి పిట్ట గాల్లో ఒకేచోట రెక్కలాడిస్తూ నిలబడి, రాయిలా నీళ్ళలో పడి, చేపతో లేచి, దాన్ని కొమ్మకేసి నాలుగుసార్లు బాదింది. ఎదురొడ్డుకి ఇంపాలాలు వచ్చాయి. ముందు ఒకటే దిగింది, మిగతావి వెనకే నిలబడి చెవులు రిక్కించాయి. అది నీళ్ళు తాగి బతికి వెనక్కొచ్చాక గానీ రెండోది దిగలేదు. మొసలి మేం వచ్చినప్పటి నుంచి ఒడ్డున నోరు తెరుచుకునే ఉంది, వెళ్ళేటప్పటికీ అంతే. ఆ రోజు ఒక్క సింహం కూడా కనపడలేదు. మా అమ్మాయికి ఇప్పుడు ఇరవై నాలుగు. ఆ మెకానిక్ రోజు గురించి ఇంకా చెప్తుంది.

పిట్టల్ని చూడమను బాబుకి. కరెంటు తీగ మీద నీలం, ఊదా రంగుల పిట్ట కనపడితే అది మన పాలపిట్టకి దగ్గర చుట్టం. రెక్క విప్పితే ఆ నీలం అచ్చంగా దసరా నాడు చూసే నీలమే. అత్తయ్య దణ్ణం పెట్టుకుంటారు, చూడు. ఇక బోట్స్‌వానా జాతీయ పక్షి కోరీ బస్టర్డ్, మీ పక్కన నంద్యాల జిల్లా రోళ్ళపాడులో ఒకప్పుడు తిరిగిన బట్టమేక పిట్టకి అన్న వరస. ఎగిరే పక్షుల్లో ఇంత బరువైనవి చాలా తక్కువ, మగది పద్దెనిమిది కిలోల దాకా తూగుతుంది. రోళ్ళపాడులో కళ్ళు కాయలు కాసేలా వెతికినా కనపడని పిట్ట, నాటా దగ్గర పచ్చికలో పెద్దమనిషిలా నడుస్తూ పోతుంది.

రెండో ముక్క చోబే. విమానంలో వెళ్ళండి. గాబరోన్ నుంచి కసానేకి నేరుగా ఉంటుంది, గంటన్నర లోపే. అన్ని రోజులూ ఉండదు కాబట్టి ముందు టికెట్ చూసి, దాన్ని బట్టి గది బుక్ చెయ్యండి. మీ ఆయనకి డ్రైవింగ్ సరదా అంటే ఇంకోసారి మీరు నలుగురే వెళ్ళండి. అప్పుడు మొదటి రాత్రి సెరోవే అవతల ఖామా రైనో శాంక్చువరీలో ఆగాలి. 1992లో ఆ ఊళ్ళవాళ్ళే పూనుకుని, వేటగాళ్ళ నుంచి ఖడ్గమృగాల్ని కాపాడటానికి పెట్టుకున్నది. రెండో రాత్రి నాటా, మూడో రోజు మధ్యాహ్నానికి కసానే. దారిలో డిబేటే లాంటి చోట్ల పశువుల చెక్‌పోస్టులుంటాయి. గాలికుంటు వ్యాధి పాకకుండా టైర్లని మందునీళ్ళలోంచి పోనిస్తారు, మిమ్మల్ని దింపి చెప్పులు తడి పట్టా మీద తొక్కమంటారు. ఉత్తరం నుంచి కిందికి వచ్చేటప్పుడు పచ్చి మాంసం ఉంటే తీసేసుకుంటారు. మీకు ఆ బెంగ లేదు.

చోబేలో పొద్దున జీపు, మధ్యాహ్నం మూడింటికి పడవ. పెద్దవాళ్ళకి పడవే మేలు, ఎందుకంటే కుదుపు లేదు. పార్కు లోపల నది ఒడ్డు దారంతా ఇసుక, జీపు ఒళ్ళు హూనం చేస్తుంది. పడవ బుక్ చేసేటప్పుడు ఒక్కటి అడుగు: టాయిలెట్ ఉందా? చిన్న పడవలు ఒడ్డుకి బాగా దగ్గరగా వెళ్తాయి, కానీ మూడు గంటలు అలాగే కూర్చోవాలి. షుగరున్న మనిషికీ ఐదేళ్ళ పాపకీ పెద్ద పడవే నయం.

బోట్స్‌వానాలో దాదాపు 1,30,000 ఏనుగులున్నాయి, ఏ దేశంలోనూ అన్ని లేవు. చోబే నది మధ్యలో సెడూడు అని పచ్చగడ్డి దీవి ఉంది. వానల్లేని నెలలన్నీ అక్కడ మేత ఉంటుంది కాబట్టి సాయంత్రం ఏనుగులు ఈదుకుంటూ దాటుతాయి. గున్న ఏనుగు నీళ్ళలో పూర్తిగా మునిగిపోయి తొండం కొస మాత్రం పైకి పెడుతుంది, పాము తలెత్తినట్టు. వెనక తల్లి దాన్ని నుదుటితో నెడుతూ ఉంటుంది. ఒడ్డెక్కాక ఒళ్ళు సగం నలుపు, సగం బూడిద రంగు, ఎక్కడిదాకా తడిసిందో గీత గీసినట్టు. ఆ దీవి మాదంటే మాదని బోట్స్‌వానా, నమీబియా కొట్లాడుకుంటే, 1999లో హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం బోట్స్‌వానాదేనని తేల్చింది. బాబుకి ఈ కథ చెప్పు, పడవలో అడుగుతాడు.

విక్టోరియా జలపాతం కసానే నుంచి 80 కిలోమీటర్లే, పొద్దున వెళ్ళి సాయంత్రం వచ్చెయ్యొచ్చు. జూలైలో నీళ్ళు నిండుగానే ఉంటాయి, తుంపర కాస్త తగ్గి కళ్ళకి కనపడుతుంది కూడా. అయితే అది ఇంకో దేశం. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. అత్తమామల బోట్స్‌వానా వీసా ఒక్కసారి ప్రవేశానికే ఇస్తే, పిలానెస్‌బర్గ్‌కో జలపాతానికో వెళ్ళినవాళ్ళు తిరిగి మీ ఇంటికి రాలేరు. ఎన్నిసార్లయినా వచ్చేలా ఉండే వీసాకే పెట్టించు. సౌత్ ఆఫ్రికా వీసా వాళ్ళు ఇండియాలో ఉండగానే తీసుకోవడం సుఖం. పిల్లల బర్త్ సర్టిఫికెట్లు, తల్లిదండ్రులిద్దరి పేర్లున్నవి, ధ్రువీకరించిన కాపీలతో సహా కారులో పెట్టుకో. కారు మీద బ్యాంకు లోను ఉంటే బోర్డర్ దాటడానికి బ్యాంకు ఉత్తరం కావాలి. మీ రెసిడెన్స్ పర్మిట్లు కూడా పట్టుకెళ్ళు, బోట్స్‌వానా పార్కుల్లో అక్కడ నివాసమున్నవాళ్ళకి టికెట్ తక్కువ.

మలేరియా. గాబరోన్‌లో లేదు, పిలానెస్‌బర్గ్‌లో లేదు, చోబేలో ఉంది. జూలైలో బాగా తగ్గుతుంది గానీ సున్నా కాదు. ప్రయాణానికి మూడు వారాల ముందు డాక్టర్ని కలవండి, మామయ్య మందుల చీటీ తీసుకెళ్ళండి, ఏ మాత్ర ఎవరికి పడుతుందో ఆయన చెప్తారు. ఆ మాత్రలు ప్రయాణానికి ముందే మొదలుపెట్టి, తిరిగొచ్చాక కూడా కొన్నాళ్ళు వేసుకోవాలి. మనవాళ్ళు ఇంటికి రాగానే ఆపేస్తారు. సాయంత్రం పూట నిండు చేతుల బట్టలు, దోమల క్రీము. అన్నిటికంటే ముఖ్యం, వాళ్ళు అనంతపురం వెళ్ళాక రెండు మూడు నెలల్లోపు ఎప్పుడు జ్వరం వచ్చినా డాక్టరు అడక్కముందే “మేం ఆఫ్రికాలో మలేరియా ఉన్న చోటికి వెళ్ళొచ్చాం” అని చెప్పాలి. వైరల్ జ్వరమని నాలుగు రోజులు ఊరుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. గడ్డిలో నడిస్తే ఇంటికొచ్చి పిల్లల చంకలు, మోకాళ్ళ వెనక పిడుదులున్నాయేమో చూడు. కుట్టినచోట నల్లటి చెక్కు కట్టి, తలనొప్పి, జ్వరం వస్తే అదీ డాక్టరుకి చూపించాలి.

ఇక సింహాలు. కారులో ఉన్నంతసేపు సింహం మిమ్మల్ని పట్టించుకోదు. దానికి కారూ మీరూ కలిపి ఒకటే వస్తువు. మధ్యలోంచి ఒక తల పైకి లేచినా, చెయ్యి బయటికి వచ్చినా ఆ లెక్క మారుతుంది. కాబట్టి లేవకూడదు, దిగకూడదు, అరవకూడదు. పాపకి ఇది ఆటలా నేర్పించు, ‘ఇప్పుడు మనం రాళ్ళం’ అని. నిజానికి సింహం రోజులో పద్దెనిమిది గంటలు పైనే పడుకుని ఉంటుంది. మీరు చూసేది చాలావరకు దాని పొట్ట.

నువ్వు జాగ్రత్తపడాల్సింది ఏనుగుతో. సొంత కారులో ఉన్నప్పుడు ఏనుగు రోడ్డు మీదుంటే దూరంగా ఆపండి, హారన్ కొట్టొద్దు, తల్లికీ పిల్లకీ మధ్యలోకి పోవద్దు. చెవులు చాటల్లా విప్పి, తల ఎగరేసి, దుమ్ము లేపుతుంటే చాలాసార్లు అది బెదిరింపే. చెవులు వెనక్కి అణిచి, తొండం లోపలికి చుట్టి వస్తుంటే నిజంగానే వస్తోంది. ఆ తేడా కనిపెట్టేదాకా ఉండొద్దు, మొదటి దానికే నెమ్మదిగా వెనక్కి తీసుకోండి. కారులో కమలాపండ్లు వద్దు. ఆ వాసన ఏనుగులకి మహా ఇష్టం. జింబాబ్వేలోని మానా పూల్స్ పార్కులో అందుకే వాటిని లోపలికి తీసుకురానివ్వరు.

తిండికి వంటగది ఉన్న గదులు బుక్ చెయ్యి. సెల్ఫ్ కేటరింగ్ అని ఉంటుంది. రైస్ కుక్కర్, పప్పు, అత్తయ్య ఊరి నుంచి తెచ్చే పొడులు, సరిపోతుంది. ఒక చిన్న సంతోషం చెప్తాను. మన ఇళ్ళలో గీజరుకి పెట్టే లావు మూడు పిన్నుల ప్లగ్గు ఉంటుందే, అది బోట్స్‌వానా, సౌత్ ఆఫ్రికా సాకెట్లలో సరిగ్గా కూర్చుంటుంది. అత్తయ్యని ఆ ప్లగ్గున్న ఎక్స్‌టెన్షన్ బాక్స్ ఒకటి తెమ్మను. లాడ్జిలో తినాల్సి వస్తే బుక్ చేసినప్పుడే శాకాహారమని రాసి, “చికెన్, చేప కూడా వద్దు” అని విడిగా రాయి. రాయకపోతే కూరగాయల్లో చికెన్ ముక్కలేసి ప్రేమగా పెడతారు. మాకు ఒకచోట ఒట్టి ఉడికించిన గుమ్మడికాయ, బీట్‌రూట్ పెట్టారు నాలుగు పూటలు. పేరెందుకులే. ఆ ఊళ్ళో మా అత్తగారి గోంగూర సీసా మా ప్రాణం కాపాడింది, పక్క టేబుల్ జర్మన్ దంపతుల ప్రాణం కూడా.

మీ ఆయన క్రూగర్ క్రూగర్ అంటే, వచ్చే ఏడాది పిల్లలు ఇంకాస్త పెద్దయ్యాక, వారం రోజులు దానికే పెట్టుకుని వెళ్ళమను. దాదాపు 20,000 చదరపు కిలోమీటర్ల పార్కు అది, లోపల తారు రోడ్డు మీద 50 వేగం దాటకూడదు. రెండు రోజుల్లో చూసేది కాదు. అదీ మలేరియా ప్రాంతమే.

వీసా కాగితాలు ఈ వారమే మొదలుపెట్టు, కసానే టికెట్లు ఆ వెంటనే. అత్తయ్యకి ఇవాళే ఫోన్ చేసి శాలువాలు, ఉన్ని సాక్సులు, రెండు మంకీ క్యాపులు పెట్టెలో అడుగునే సర్దమను. రెండోది మామయ్యకి. నాకెందుకే అంటారు, అయినా సర్దమను.